ఒలివా నౌకాభంగం: దీవి లేని కాగితం మీద గీసిన దారి

2011 మార్చి 16న, ఇంకా తెల్లవారకముందే, మాల్టా జెండాతో నడుస్తున్న 'ఒలివా' అనే బల్క్ క్యారియర్ (విడి సరుకు మోసే ఓడ) దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలోని నైటింగేల్ దీవి వాయవ్య తీరంలో రాళ్ల మీదికి ఎక్కింది. బ్రెజిల్‌లోని శాంతోస్ రేవులో సుమారు 65,000 టన్నుల సోయా గింజలు నింపుకొని సింగపూర్‌కు బయలుదేరిన ఓడ అది. 2009లో కట్టినది కనుక వయసు రెండేళ్లే. ఇంజిను చెడిపోలేదు, చుక్కాని మొరాయించలేదు, తుఫాను తరమలేదు. తన దారిలో తాను నడుస్తూనే వెళ్లి దీవిని గుద్దుకుంది. సిబ్బంది 22 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఓడ మాత్రం మార్చి 18న రెండు ముక్కలైంది. అందులో ఉన్న సుమారు 1,500 టన్నుల ఇంధన నూనె, హోల్డుల్లోని (సరుకు గదుల్లోని) సోయా గింజలు సముద్రం పాలయ్యాయి.

డెక్ ఆఫీసరుగా ఓడల మీద తిరిగి, ఇప్పుడు కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడల్లో సర్వే పని చేసుకుంటున్న నాకు ఈ కేసు మీద ప్రత్యేకమైన శ్రద్ధ ఉంది. నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి మర్చంట్ నేవీలో చేరే కుర్రవాళ్లు సలహా కోసం వచ్చినప్పుడు నేను ముందుగా చెప్పే కేసు కూడా ఇదే. దీనికంటే పెద్ద ప్రమాదాలు, ఎక్కువ నూనె ఒలికినవి, ఎక్కువ మంది చనిపోయినవి చాలా ఉన్నాయి. కానీ ఒక సమాచారం ఓడలో ఉండి కూడా, కావలసిన చోటికి చేరకపోతే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చూపించే కేసు మరొకటి నా ఎరుకలో లేదు.

ముందు ఆ దీవుల సంగతి చెప్పాలి. ట్రిస్టన్ డా కున్హా ఆఫ్రికాకూ దక్షిణ అమెరికాకూ నడుమ ఉన్న బ్రిటిష్ దీవుల గుంపు. జనం ఉన్నది ట్రిస్టన్ అనే ప్రధాన దీవిలో మాత్రమే. అదీ ఈ ప్రమాదం నాటికి రెండు వందల అరవై మందికి అటూ ఇటూ. అక్కడ విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం రోజుల ప్రయాణం. ప్రధాన దీవి అగ్నిపర్వతం. దాని శిఖరం ఎత్తు 2,062 మీటర్లు. 1961లో అది పేలినప్పుడు జనమంతా ఊరు ఖాళీ చేసి ఇంగ్లండుకు వెళ్లి, 1963లో మళ్లీ పట్టుబట్టి తిరిగి వచ్చారు. నైటింగేల్, ఇనాక్సెసిబుల్ దీవులు ట్రిస్టన్‌కు నైరుతి దిక్కున ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. రెండింటిలోనూ స్థిరనివాసం లేదు, ఉన్నవన్నీ పక్షులే.

ఓడలు పగలడం ఆ దీవులకు కొత్త కాదు. 1821లో లండన్ నుంచి బొంబాయికి వస్తున్న 'బ్లెండెన్ హాల్' అనే ఓడ ఇనాక్సెసిబుల్ మీద పగిలింది. బతికినవాళ్లు శకలాలతో పడవ కట్టుకొని ట్రిస్టన్ చేరారు. 1892లో 'ఇటాలియా' అనే ఓడ పగిలినప్పుడు ఒడ్డుకు చేరిన ఇటలీ నావికుల్లో ఇద్దరు అక్కడే పెళ్లిళ్లు చేసుకొని ఉండిపోయారు. రెపెట్టో, లావరెల్లో అనే వాళ్ల ఇంటిపేర్లు ఇప్పటికీ దీవిలో నడుస్తున్నాయి. ఈ కథలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచేది 1882 నాటి 'హెన్రీ బి. పాల్' ప్రమాదం. దానితోపాటు ఎలుకలు ట్రిస్టన్ ఒడ్డుకు ఎక్కి, అప్పటి నుంచి పంటలనూ పక్షులనూ తింటూనే ఉన్నాయి. ఈ ఎలుకల ప్రస్తావన మళ్లీ వస్తుంది.

దారి ఎందుకు అటు పోయింది

శాంతోస్ నుంచి సింగపూర్‌కు వెళ్లే ఓడ ఆఫ్రికా దక్షిణ కొనను చుట్టి హిందూ మహాసముద్రంలోకి రావాలి. చదునైన చార్టు (సముద్రపటం) మీద తిన్నగా గీత గీస్తే అది దగ్గరి దారిలా కనిపిస్తుంది గానీ, భూమి గుండ్రంగా ఉంది కనుక నిజంగా దగ్గరి దారి గ్రేట్ సర్కిల్, అంటే భూగోళం ఒంపు వెంట పోయే దారి. దక్షిణార్ధగోళంలో ఈ దారిని మామూలు చార్టు మీద గీస్తే అది దక్షిణానికి వంగిన విల్లులా ఉంటుంది. ఆ వంపు పోయి పోయి ట్రిస్టన్ దీవుల పక్కనుంచే సాగుతుంది. అంటే ఆ దీవులు జనావాసాలకు ఎంత దూరమో, బ్రెజిల్ నుంచి ఆసియాకు ధాన్యమూ ముడి ఇనుమూ మోసే ఓడల దారికి అంత దగ్గర. 'మారుమూల దీవి' అన్న మాట విని అక్కడ ఓడల రాకపోకలు లేవనుకుంటే పొరపాటే.

ఇప్పుడు కాగితాల విషయానికి వద్దాం. మహాసముద్రం మొత్తాన్ని ఒకే షీటు మీద చూపే చార్టులో ఒక సెంటీమీటరు ముప్ఫై అయిదు కిలోమీటర్లకో, వంద కిలోమీటర్లకో సమానం. అలాంటి చార్టు మీద నైటింగేల్ మిల్లీమీటరు కూడా ఉండదు. దాని మీద గంట గంటకూ ఓడ ఉన్న చోటును గుర్తించడం కుదరదు. పెన్సిలు మొనే నాలుగైదు మైళ్లను కప్పేస్తుంది. అందుకే నడిసముద్రంలో ప్లాటింగ్ షీటు వాడడం ఆనవాయితీగా ఉండేది. ప్లాటింగ్ షీటు అంటే అక్షాంశ రేఖాంశాల గళ్లు మాత్రమే ఉన్న ఖాళీ కాగితం. అక్షాంశాలకు తగిన కొలత అచ్చు వేసి ఉంటుంది. రేఖాంశాల అంకెలు ఆఫీసరు తానే వేసుకుంటాడు. అందులో నేల ఉండదు, లోతులు ఉండవు, దీపస్తంభాలు ఉండవు. ఓడ ఉన్న చోటును అందంగా, కచ్చితంగా చూపిస్తుంది. చుట్టూ ఏముందో మాత్రం చూపించదు. దారికి దగ్గరలో దీవి గానీ, తిట్ట గానీ ఉంటే అసలు చార్టు చూసి ఆఫీసరే దాన్ని షీటు మీదికి ఎక్కించుకోవాలి. పాత కెప్టెన్లు ఎర్ర పెన్సిలుతో దీవిని వేసి, చుట్టూ పదో ఇరవయ్యో మైళ్ల వలయం గీయించి, 'దీని లోపలికి వస్తే నన్ను లేపండి' అని రాయించేవారు.

మాల్టా మెరైన్ సేఫ్టీ ఇన్వెస్టిగేషన్ యూనిట్ జరిపిన దర్యాప్తులో తేలింది ఇదే. ఒలివా వాడుతున్న ప్లాటింగ్ షీటు మీద ఆ దీవులు లేవు. తమ దారి దీవుల దగ్గరగా పోతున్నదన్న స్పృహ వాచ్ (కాపలా వంతు) మీద ఉన్నవారికి లేదు. రాడార్ మీద పెద్ద ఎకో (తరంగం దేన్నో తాకి తిరిగి వచ్చిన గుర్తు) కనిపించినప్పుడు దాన్ని వాన మేఘం అనుకున్నారు.

నేను ఈ కేసు చెప్పినప్పుడు కుర్రవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "జీపీఎస్ ఉంది గదా సార్, ఎట్లా గుద్దుకున్నారు?" ప్రశ్న సహజమే. జీపీఎస్ చెప్పేది ఓడ ఎక్కడ ఉందో. దీవి ఎక్కడ ఉందో చెప్పడం దాని పని కాదు. ఒలివా తాను ఎక్కడుందో తెలియక చెడలేదు. దీవి లేని కాగితం మీద తన స్థానాన్ని తప్పు లేకుండా గుర్తించుకుంటూ, గీసిన గీత మీద నుంచి పక్కకు జరగకుండా వెళ్లింది. జీపీఎస్ రాకముందు సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్‌తో లెక్క కట్టుకున్న రోజుల్లో ఓడ స్థానం మీద అయిదారు మైళ్ల అనుమానం ఎప్పుడూ ఉండేది కనుక దీవికి దూరంగా తొలగిపోయేవారు. ఇప్పుడు స్థానం మీద అనుమానం పోయింది; దానితోపాటు దూరంగా తొలగే అలవాటు కూడా పోయిందని నా అభిప్రాయం.

రాడార్ మీద మేఘం

ఈ భాగం మీద నేను ఎక్కువ సమయం గడుపుతాను, ఎందుకంటే ఓడను కాపాడుకోవడానికి మిగిలిన చివరి అవకాశం ఇక్కడే ఉంది. నైటింగేల్ మూడు వందల మీటర్లకు పైగా ఎత్తున్న రాతి దీవి. ఓడ మీద ముప్ఫై మీటర్ల ఎత్తున తిరిగే రాడార్‌కు అంత ఎత్తు కొండ లెక్క ప్రకారం నలభై మైళ్లకు పైనుంచే దొరకాలి. రాడార్‌ను 24 మైళ్ల స్కేలు మీద పెట్టుకున్నా, 14 నాట్ల (గంటకు 14 సముద్రపు మైళ్ల) వేగంతో వెళ్లే ఓడకు దాదాపు గంటా నలభై నిమిషాల వ్యవధి ఉంటుంది. 12 మైళ్ల స్కేలు మీదే పెట్టుకున్నా యాభై నిమిషాలు ఉంటుంది. ఇంత వ్యవధిలో ఓడను తిప్పడానికి అయిదు నిమిషాలు చాలు.

వాన ఎకోకూ నేల ఎకోకూ తేడా తెలుసుకోవడం కష్టమైన విద్య కాదు. వాన అంచులు చెదిరి, దూదిలా పలచబడి ఉంటాయి. వాన గుర్తులను తగ్గించే రెయిన్ క్లటర్ మీట తిప్పితే పలచబడుతుంది లేదా మాయమవుతుంది. కొండ ముందువైపు అంచు గట్టిగా నిలుస్తుంది, మీట తిప్పినా పోదు. వాన గాలితోపాటు కదులుతుంది, రూపం మారుతుంది. నేల కదలదు. రాడార్‌లో కనిపించేవాటి వేగం, దిశ లెక్కగట్టే ఆర్పాతో ఆ ఎకోను పట్టుకొని కొన్ని నిమిషాలు ఆగితే, దాని నిజ వేగం దాదాపు సున్నా అని యంత్రమే చెబుతుంది. నడిసముద్రంలో కదలకుండా నిలబడినది ఏదైనా సరే, దాన్ని మేఘమని అనుకోకూడదు. ఈ పరీక్షలు ఏ కేడెట్‌కైనా వస్తాయి. కానీ పరీక్ష చేయాలంటే ముందు అనుమానం రావాలి. అక్కడ నేల లేదని కాగితం చెబుతోంది. నేల లేని చోట కనిపించేది మేఘమే అయి ఉండాలి. వాచ్ మీద ఉన్న మనిషి తర్కంలో తప్పు లేదు. ఆ తర్కం నిలబడిన ఆధారంలో తప్పు ఉంది. అందుకే ఈ ప్రమాదాన్ని 'నిర్లక్ష్యం' అన్న ఒక్క మాటతో కొట్టివేయడం నాకు ఇష్టం ఉండదు. ఖాళీ కాగితం రాడార్‌ను కూడా గుడ్డిది చేసింది.

మైపాడు దగ్గర మరబోటు నడిపే ఒక పెద్దాయనకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన తేలిగ్గా అన్నాడు: "అదేందో తేలకపోతే బోటు నిలపాల గదయ్యా." ఆయనకు చార్టర్ పార్టీ (ఓడ అద్దె ఒప్పందం) తొందర లేదు, గంటకు ఇంత అద్దె అన్న లెక్క లేదు అన్నది నిజమే. అయినా బ్రిడ్జి నియమాలు చెప్పేది కూడా అక్షరాలా అదే: అనుమానం ఉంటే వేగం తగ్గించు, కెప్టెన్‌ను పిలువు.

నీటి లోతు చూసే ఎకో సౌండర్ ఇక్కడ సాయపడేది కాదు. వేల మీటర్ల లోతు నుంచి నిటారుగా లేచిన అగ్నిపర్వత దీవులు ఇవి. మన కృష్ణపట్నం తీరంలో లాగా అడుగు మెల్లగా మెట్టెక్కుతూ హెచ్చరించదు. ప్రమాదం జరిగింది సాధారణంగా చీఫ్ ఆఫీసరు కాపలా కాసే నాలుగు నుంచి ఎనిమిది వాచ్‌లో. నిద్ర లేచిన కళ్లు చీకటికి అలవాటు పడేదీ, మెదడు అత్యంత మందంగా పనిచేసేదీ ఆ వేళలోనే.

ఓడ పగిలిన తరువాత

ఒలివా రాళ్లెక్కిన సమయానికి 'ఎడిన్‌బరో' అనే చేపల ఓడ ఆ దీవుల దగ్గరే రాతిరొయ్యలు పడుతూ ఉంది. 'ప్రిన్స్ ఆల్బర్ట్ 2' అనే యాత్రికుల ఓడ కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. మొదట 12 మందిని ఎడిన్‌బరో మీదికి చేర్చారు. అలలు పెరిగి ఓడ ఒళ్లు విరుస్తుండగా, మిగిలిన పది మందిని మార్చి 17న యాత్రికుల ఓడకు చెందిన జోడియాక్ రబ్బరు పడవలు దించుకొచ్చాయి. ఆ రెండు ఓడలూ అక్కడ ఉండడం యాదృచ్ఛికం. ఏ అత్యవసర ప్రణాళికలోనూ వాటి పేర్లు లేవు. కేప్‌టౌన్ నుంచి బయలుదేరిన సాల్వేజ్ టగ్ (ప్రమాదంలో పడ్డ ఓడలను కాపాడే ఓడ) 'స్మిట్ అమాండ్లా' మార్చి 21న చేరింది. అప్పటికి ఓడ విరిగి మూడు రోజులైంది. మారుమూలతనం అంటే ఆచరణలో ఇదే. ప్రమాదం కారణాల్లో దూరానికి చోటు లేదు. ప్రమాదం తరువాత మాత్రం అన్నిటినీ దూరమే నిర్ణయించింది. అదే ఓడ ఏదైనా పెద్ద రేవు బయట మేట ఎక్కి ఉంటే, నూనెను వేరే ఓడలోకి తోడుకునేందుకు కనీసం ప్రయత్నమైనా జరిగేది.

నూనె మొదట నైటింగేల్ చుట్టూ పరుచుకొని, తరువాత ఇనాక్సెసిబుల్‌కూ ట్రిస్టన్‌కూ పాకింది. ఇనాక్సెసిబుల్ యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. నార్తర్న్ రాక్‌హాపర్ అనే, పసుపు కనుబొమల జుట్టున్న చిన్న పెంగ్విన్ ప్రపంచంలో ఎక్కువ భాగం బతికేది ఈ దీవుల్లోనూ గఫ్ దీవిలోనూ. ట్రిస్టన్ వాసులు వాటిని ముద్దుగా పిన్నమిన్లు అంటారు. మార్చి నెల వాటికి ఈకలు రాల్చి కొత్త ఈకలు తొడుక్కునే కాలం చివర. ఆ రోజుల్లో అవి నీటిలోకి దిగవు, తిండి తినవు; ఈకలు రాగానే ఆకలితో సముద్రంలోకి దూకుతాయి. కొన్ని అప్పటికే సముద్రంలోకి వెళ్లిపోయి బతికాయి. మిగిలినవి దూకింది నూనెలోకి.

నూనె అంటిన పెంగ్విన్ విషంతోనే చావదు. ఎక్కువగా చలితో చస్తుంది. ఈకల మధ్య గాలి పొర నిలవకపోతే చల్లటి నీరు చర్మాన్ని తాకుతుంది. శుభ్రం చేసుకోవాలని ముక్కుతో ఈకలు దువ్వుకుంటూ నూనెను మింగుతుంది. ట్రిస్టన్ వాసులు నైటింగేల్‌కు వెళ్లి పక్షులను పట్టి, చేపల ఓడలో పెట్టి తమ దీవికి తెచ్చారు. షెడ్లు ఖాళీ చేసి గూళ్లుగా మార్చారు, ఊరి ఈతకొలనును పెంగ్విన్ల కోసం మంచినీటితో నింపారు, తమ ఫ్రీజర్లలో ఉన్న చేపలు తెచ్చి పెట్టారు. దక్షిణాఫ్రికాకు చెందిన సముద్రపక్షుల సంరక్షణ సంస్థ సాన్‌కాబ్ నిపుణులు ఏప్రిల్ మొదట్లో గానీ చేరలేకపోయారు. మొత్తం 3,718 పెంగ్విన్లను చేర్చుకుంటే, శుభ్రం చేసి తిరిగి సముద్రంలోకి వదలగలిగినవి 381. పదింటికి ఒకటి. ఈ అంకెను చూసి దీవివాసుల పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడేవారిని నేను చూశాను. నూనె అంటిన పక్షిని మొదటి రెండు మూడు రోజుల్లో వెచ్చగా ఉంచి, నీరు పట్టించి, కడగడానికి సరైన సబ్బూ వేడినీరూ ఉంటేనే బతికే అవకాశం బాగుంటుంది. అప్పటికే ఈక మార్పిడి వల్ల ఉపవాసం చేసి చిక్కిన పక్షులకు మరీను. రెండు వందల అరవై మంది ఉన్న ఊరు, పడవలో తెచ్చుకున్న పక్షులను చేతికి దొరికినదానితో పోషించింది. ఆ లెక్కను ఆ దృష్టితో చదవాలి.

సోయా గింజలు

ఈ కేసు గురించి మాట్లాడేవారు నూనె దగ్గరే ఆగిపోతారు. సరుకు సర్వేయరుగా నాకు సోయా మీద ఇంకాస్త చెప్పాలని ఉంది. ముత్తుకూరు చుట్టుపక్కల వంటనూనె శుద్ధి కర్మాగారాలకు సోయా ముడి నూనె ఓడల్లో వస్తుంది కనుక మనవైపు సోయా అంటే ట్యాంకుల్లో వచ్చే ద్రవం. గింజగా వచ్చినప్పుడు దాని తీరు వేరు. హోల్డులోకి ఉప్పునీరు చేరితే, రాత్రి నానబెట్టిన శనగల్లాగే గింజ ఉబ్బుతుంది. ఉబ్బిన వేల టన్నుల గింజ హోల్డు గోడలనూ పైమూతలైన హాచ్ కవర్లనూ లోపలి నుంచి నెడుతుంది. బయట అల, లోపల సరుకు రెండూ కలిసి ఉక్కును నలిపేస్తాయి. విరిగిన ఓడ నుంచి రాలిన గింజ నీటి అడుగున పేరుకొని కుళ్లుతుంది; కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తాగేస్తుంది. తిండిసరుకు, ప్రమాదకరమైన సరుకుల జాబితాలో లేనిది, సముద్రంలో పడితే చేపలకు మేత అవుతుందిలే అనుకోవడం మన దగ్గర కూడా ఉన్న అపోహ. అరవై వేల టన్నుల లెక్కలో ఒక చిన్న దీవి చుట్టూ పడితే మేత కాదు.

ట్రిస్టన్ ఆదాయానికి వెన్నెముక అక్కడి రాతిరొయ్యే. ప్రమాదం తరువాత నైటింగేల్, ఇనాక్సెసిబుల్ చుట్టూ 2011–12 సీజనుకు వేట పూర్తిగా ఆపేశారు. నూనె వాసన పట్టిన ఒక్క పెట్టె మార్కెట్‌కు వెళ్లినా, మొత్తం దీవి పేరు పోతుంది. పరీక్షలు చేసి, రొయ్యల లెక్క చూసుకొని, తగ్గించిన కోటాతో తరువాత మెల్లగా తెరిచారు. ఇస్కపల్లిలోనో జువ్వలదిన్నెలోనో రెండు నెలల వేట నిషేధం వస్తేనే ఇంటి ఖర్చు ఎలా తలకిందులవుతుందో తెలిసినవారికి, ఏడాది ఆపడం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఎలుకలు. నైటింగేల్ మీద ఎలుకలు లేవు. లక్షలాది సముద్రపక్షులు నేల బొరియల్లో గుడ్లు పెట్టగలుగుతున్నది అందుకే. ధాన్యం నింపిన ఓడలో ఎలుకలు ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 1882 అనుభవం దీవివాసులకు ఉంది. అందుకే నూనెతో పోరాడుతూనే ఒడ్డున ఉచ్చులూ ఎరలూ పెట్టి చాలాకాలం కనిపెట్టారు. ఎలుక దిగిన ఆనవాలు దొరకలేదు. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో తక్కువ మంది గమనించిన మంచి పని ఇదే. నూనె కొన్నేళ్లకు తగ్గుతుంది. ఎలుక దిగితే ఆ దీవి శాశ్వతంగా మారిపోయేది.

చట్టం, యంత్రాలు, మన రేవు

ఈ ప్రమాదానికి నియమాల లోటు కారణం కాదు. ప్రయాణ ప్రణాళిక రేవు బెర్తు నుంచి రేవు బెర్తు వరకు ఉండాలని, దారిలోని ప్రమాదాలన్నీ గుర్తించాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1999లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తరువాత రెండు యంత్రాలు తప్పనిసరి అయ్యాయి. వాచ్ ఆఫీసరు మెలకువగా ఉన్నాడో లేడో చూసే బ్రిడ్జి అలారం కొత్త ఓడలకు 2011 జులై నుంచి, అంటే ఒలివా పగిలిన నాలుగు నెలలలోపే, అమలులోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ చార్టు ఎక్డిస్ ఒలివా పరిమాణంలోని పాత సరుకు ఓడలకు 2017 జులై తరువాత వచ్చే మొదటి సర్వే నాటికి ఉండాలన్నారు. ఎక్డిస్ వచ్చాక ప్లాటింగ్ షీటు దాదాపు కనుమరుగైంది కనుక ఈ ప్రమాదం మళ్లీ జరగదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 2020 జులైలో మారిషస్ దగ్గర పగడపు దిబ్బ మీదికి ఎక్కిన 'వకాషియో'లో ఎలక్ట్రానిక్ చార్టు ఉంది. కానీ ఆ తీరానికి పనికొచ్చే వివరమైన చార్టు వాడలేదు. మొబైల్ సిగ్నల్ కోసం తీరానికి దగ్గరగా వెళ్లారు. తెర మీద స్కేలు తప్పుగా ఉంటే చిన్న దీవి ఎక్డిస్‌లో కూడా మాయమవుతుంది. ఖాళీ కాగితం పోయి ఖాళీ తెర వచ్చింది, అంతే.

అందుచేత రేవుకు వచ్చిన ఓడలో నావిగేషన్ రికార్డులు చూసే పని పడినప్పుడు నేను ముందుగా అడిగేది యంత్రం ఏ కంపెనీదని కాదు. మధ్య దారిలో దీవులకు దగ్గరగా పోయిన చోట్లు ఏవి, అక్కడ ఎంత దూరం వదలాలని రాసుకున్నారు, దారి మార్చినప్పుడు ఆ మార్పును రెండో మనిషి ఎవరు సరిచూశారు అని అడుగుతాను. మార్పు జరిగిన చోటే ఎక్కువసార్లు లోపం దొరుకుతుంది. మొదట గీసిన దారిని అందరూ శ్రద్ధగా చూస్తారు; వాతావరణం కోసమో ఇంధనం కోసమో మధ్యలో మార్చిన దారిని ఒక్కరే, వాచ్ చివర్లో, తొందరగా వేస్తారు. కృష్ణపట్నానికి వచ్చే ఓడలను శ్రీహరికోటకు ఉత్తరాన, దుగరాజపట్నం ఎదుట నీటిలో దాగిన ఆర్మగాన్ షోల్ గురించి కూడా ఇలాగే అడుగుతాను. అక్కడ దీపస్తంభం పెట్టింది ఆ మేట కోసమే. అయినా దాన్ని ప్రణాళికలో పేరుపెట్టి రాసుకున్న ఓడలు, రాసుకోని ఓడలు రెండూ కనిపిస్తాయి.

దూరం విషయంలో మనకు ట్రిస్టన్ కష్టం లేదు. కోస్ట్‌గార్డు దగ్గరలో ఉంది, టగ్‌లు రేవులోనే ఉన్నాయి. కానీ 2017 జనవరి 28న ఎన్నూరు బయట రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికినప్పుడు, పెద్ద నగరం పక్కనే ఉన్నా, ఒడ్డున నూనెను ఎత్తింది ఎక్కువగా చేతులూ బకెట్లే. ఆ నూనె చెన్నై వైపు దక్షిణంగా పోయింది. మన తీరం వెంట ప్రవాహం అక్టోబరు నుంచి జనవరి దాకా దక్షిణానికి, ఫిబ్రవరి తరువాత ఉత్తరానికి తిరుగుతుంది. అదే ప్రమాదం మార్చిలో జరిగి ఉంటే నూనె వచ్చేది పులికాట్ ముఖద్వారానికీ, అక్కడి నుంచి నెల్లూరు తీరానికీ. రేవుల నూనె ప్రణాళికల్లో బూములు (నూనెను అడ్డుకునే తేలే కట్టలు), స్కిమ్మర్ల (నీటి మీది నూనెను తోడే యంత్రాల) లెక్క ఉంటుంది. సమీప గ్రామాల్లో ఎన్ని మరబోట్లు ఉన్నాయి, వాటి యజమానులను ఎవరు పిలుస్తారు, డీజిలు ఖర్చు ఎవరిది అన్నది కూడా అదే కాగితంలో ఉండాలని నేను సమావేశాల్లో అడుగుతూ వస్తున్నాను. నైటింగేల్ దగ్గర ఇరవై రెండు మందిని దించింది సాల్వేజ్ కంపెనీ కాదు, రొయ్యల ఓడా యాత్రికుల పడవలూ.

ఒలివా శిథిలాలు ఇప్పటికీ ఆ దీవి పక్కన నీటి అడుగునే ఉన్నాయి. మునిగిన ఓడను తొలగించే బాధ్యతను యజమాని మీదా బీమా మీదా పెట్టే నైరోబీ ఒప్పందం 2007లోనే సిద్ధమైనా, అమలులోకి వచ్చింది 2015 ఏప్రిల్‌లో. భారతదేశం కూడా అందులో సభ్యురాలు. మన రేవుకు వచ్చే ప్రతి పెద్ద ఓడ దగ్గరా ఆ బీమా పత్రం ఉండాలి. ఓడ ఎక్కిన రోజునే దాని గడువు తేదీ చూడడం ఇప్పుడు మా పనిలో భాగం.